శ్రీకాకుళం నేలకి ఏ మాన్‌స్టర్ ట్రక్కు? రేసుకీ బ్యాషింగుకీ కలిపి ఒకటే కొనాలంటే

ముందు జవాబు చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. ఆదివారం పొద్దున్న నలుగురితో రేసు పెట్టుకోడానికీ, మిగతా రోజుల్లో దిబ్బల మీంచి ఎగరేసి ఇష్టమొచ్చినట్టు తిప్పడానికీ (దీన్నే బ్యాషింగ్ అంటారు), రెండిటికీ కలిపి ఒకటే ఆర్‌సి (రిమోట్‌తో నడిచే) బండి కొంటాననేవాళ్ళు 10వ స్కేలు (అసలు బండిలో పదో వంతు సైజు), ఫోర్ వీల్ డ్రైవ్, బ్రష్‌లెస్ మోటారు (లోపల అరిగిపోయే బ్రష్‌లు లేనిది), 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ పట్టే మాన్‌స్టర్ ట్రక్కు తీసుకోండి. పేర్లు కావాలంటే ఆర్మా వాళ్ళ గ్రానైట్ ఫోర్ బై ఫోర్ 3ఎస్ బీఎల్ఎక్స్, లేదంటే ట్రాక్సాస్ వాళ్ళ స్టాంపీడ్ ఫోర్ బై ఫోర్ వీఎక్స్ఎల్. ఈ రెండిట్లో ఏది అన్నది కింద వివరంగా రాస్తాను. ఇంతకన్నా పెద్దవి, ఇంతకన్నా స్పీడువి బోలెడున్నాయి, అవి ఎవరికి బాగుంటాయో కూడా చెప్తా, కానీ శ్రీకాకుళంలో ఉండి, మన నేల మీద తిప్పుతూ, చిన్న ప్లాస్టిక్ ముక్క ఇరిగితే వారం పది రోజులు పార్సిల్ కోసం ఎదురు చూడాల్సిన వాళ్ళకి ఇంతకన్నా మంచి బండి నాకు కనపడలేదు.

ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, ఏ బండి తీసుకోమంటావ్" అనడిగితే నేను ముందు బడ్జెట్ అడగను, ఎక్కడ తిప్పుతావ్ అనడుగుతా. యూట్యూబులో మనం చూసే వీడియోలు ఎక్కువ శాతం అమెరికా వాళ్ళ స్కేట్ పార్కుల్లోనో, నున్నగా చదును చేసిన మట్టి ట్రాకుల మీదో తీసినవే. మనకున్న నేల వేరు. ఎండాకాలంలో నాగావళి సన్నటి పాయలా ఒక పక్కకి తగ్గిపోయి మిగతాదంతా ఇసక మేట, మెత్తగా ఉంటాది, చక్రం సగం దాకా దిగిపోతాది. సంక్రాంతి టైముకి వరి కోసేసిన మడులుంటాయి, గట్టు మీద నిలబడి చూస్తే చదునుగానే కనపడతాయి గానీ లోపల కొయ్యకాళ్ళు గట్టిగా నిలబడి ఉంటాయి, బగ్గీ లాంటి కిందకి ఉన్న బండిని వదిలితే పది అడుగులు వెళ్ళేలోపే పొట్ట ఆనుకుపోయి చక్రాలు ఊరికే తిరుగుతా ఉంటాయి. స్కూల్ గ్రౌండులు చూస్తే ఎర్రమట్టి మీద గులకరాళ్ళు. పలాస వైపు జీడితోటల్లో ఎండుటాకుల కింద వేర్లు. కళింగపట్నం బీచిలో తడి ఇసక మీద మాత్రం బండి తారు రోడ్డు మీద వెళ్ళినట్టు వెళ్తాది, కానీ దాని కష్టాలు దానికున్నాయి, తర్వాత చెప్తా. ఇలాంటి నేలకి పెద్ద చక్రాలుండి పొట్టకీ నేలకీ మధ్య బాగా ఎడం ఉన్న బండే కావాలి, అందుకే బగ్గీ వద్దు మాన్‌స్టర్ ట్రక్కు తీసుకోమంటాను. స్పీడు మోజులో బగ్గీ కొనేసి రెండు మూడు నెల్లకే సగం ధరకి అమ్ముకున్న కుర్రాళ్ళు నాకు తెల్సినోళ్ళలోనే ఉన్నారు.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. రేసు అడిగేది ఒకటి, బ్యాషింగ్ అడిగేది ఇంకొకటి, ఈ రెండూ చాలా చోట్ల ఒకదానికొకటి అడ్డం. రేసుకి బండి బరువంతా కిందకి ఉండాలి, మలుపులో వొరగకూడదు, ఐదు నిమిషాల పాటు ప్రతి రౌండూ ఒకేలా తిరగాలి. బ్యాషింగుకేమో సస్పెన్షన్ పొడుగ్గా ఉండాలి, పెద్ద టైర్లుండాలి, ఏడెనిమిది అడుగుల ఎత్తు నించి పడినా తట్టుకోవాలి. పెద్ద టైర్లూ పొడుగు సస్పెన్షనూ పెట్టేసరికి బరువు పైకి వెళ్ళిపోతాది, అప్పుడు గట్టి నేల మీద ఫుల్ స్పీడులో స్టీరింగ్ తిప్పితే బయటి వైపు టైరు నేలని పట్టేసుకుంటాది, లోపలి వైపు రెండు చక్రాలూ లేస్తాయి, బండి పల్టీ కొడతాది. ట్రాక్షన్ రోల్ అంటారు దీన్ని. కొత్తగా కొన్నవాళ్ళు బండిలో ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం కాదు, మాన్‌స్టర్ ట్రక్కు తయారీయే అంత. అందుకని రెండిటికీ ఒకటే బండి అన్నప్పుడు మనం వెతకాల్సింది బ్యాషింగుకి సరిపడా గట్టిగా ఉండి, పావుగంట స్క్రూడ్రైవర్ పట్టుకుంటే రేసుకి కుదురుగా మారిపోయే బండి. 10వ స్కేల్ 3ఎస్ బండ్లు సరిగ్గా అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు ఒక్కో సైజూ చూద్దాం, చిన్నదాన్నించి.

16వ స్కేలు, 14వ స్కేలు చైనా బండ్లు ఈ మధ్య చాలా బాగుపడ్డాయి. ఎంజేఎక్స్ హైపర్ గో 16వ స్కేలు ట్రక్కుల్లో ఇంత తక్కువ ధరకే బ్రష్‌లెస్ మోటారు, ఫోర్ వీల్ డ్రైవ్, 2ఎస్ బ్యాటరీ బాక్సులోనే వస్తున్నాయి, 3ఎస్ కూడా పడతాది. బ్రాండెడ్ 10వ స్కేల్ బండి ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో వచ్చేస్తాది కాబట్టి ఇంటర్ చదివే కుర్రాళ్ళకీ, ఈ హాబీ మనకి నచ్చుతాదో లేదో చూద్దాం అనుకునేవాళ్ళకీ నేను ఇదే చెప్తా. నాగావళి ఇసకలో మాత్రం చిన్న చక్రం చాలదు, కూరుకుపోతాది. కొయ్యకాళ్ళలోకి అసలు తీసుకెళ్ళొద్దు. గ్రౌండులో, మేడ మీద, గట్టి మట్టి మీద అయితే హాయిగా ఆడుకోవచ్చు. నా మొదటి బండి కూడా ఒక 16వ స్కేలుదే, ఏ కంపెనీదో అనవసరం, మూడో వారంలో సిమెంటు కాలవ అంచుకి తగిలి ముందు ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి లాంటి ముక్క) ఇరిగింది, ఆ ఆర్మ్ కోసం ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే అమ్మినాయన వేరే మోడల్ ఆర్మ్ పంపాడు, తిప్పి పంపితే మళ్ళీ అదే పంపాడు. నెలన్నర బండి అలమరాలోనే కూర్చుంది. బండి కన్నా ముందు స్పేర్ పార్ట్ ఎక్కడ దొరుకుతాదో చూసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది, ఇప్పటికీ ఎవరడిగినా ఆ మాట రెండు సార్లు చెప్తా.

టూ వీల్ డ్రైవ్ స్టాంపీడ్ అని ఒకటుంది, 1990ల నించి ఉన్న పాత మోడల్. వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. కట్టుబడి సింపుల్, ఇరిగేవి తక్కువ, విప్పి బిగించడం నేర్చుకోడానికి చాలా మంచిది, ముందు చక్రాలు లేపి వీలీ కొడతా వెళ్తుంటే చిన్న గుంటలు కేరింతలు కొడతారు. ఇసకలో మాత్రం వెనక చక్రాలు గొయ్యి తవ్వేసుకుని అక్కడే దిగబడిపోతాది. రేసుకీ పట్టు చాలదు. ఇంట్లో ఎనిమిది పదేళ్ళ పిల్లలకైతే కొనండి, మీ కోసమైతే వద్దు.

ఇక పెద్దవి. 8వ స్కేల్లో ఆర్మా క్రేటన్ 6ఎస్, 2015లో వచ్చింది, అప్పట్నించీ బ్యాషింగ్ అంటే ముందు దీని పేరే వినిపిస్తాది. కింద అల్యూమినియం ప్లేటు, మధ్యలో కూడా డిఫరెన్షియల్ ఉంటాది కాబట్టి ముందూ వెనకా పవర్ పంచుకుని కుదురుగా పోతాది. ఇంకా పెద్దవాటిల్లో ట్రాక్సాస్ మ్యాక్స్ (2019లో వచ్చింది, 4ఎస్), ఈ-రెవో 2.0 (6ఎస్, షాక్ అబ్జార్బర్లు నిలువుగా కాకుండా పడుకోబెట్టి ఉంటాయి, గతుకుల మీద దాని నడక చూడముచ్చటగా ఉంటాది), వీటన్నిటికన్నా పైన 8ఎస్ మీద నడిచే ఎక్స్-మ్యాక్స్. ఇవి గొప్ప బండ్లు, నాకు ఇష్టం కూడా, క్రేటన్ ఒకసారి ఫ్రెండు చేతిలోంచి తీసుకుని నాగావళి ఇసకలో నడిపా, నేనింతవరకూ తిప్పినవాటిల్లో ఇసకని ఏమాత్రం లెక్కచెయ్యని బండి అదే. మరెందుకు వద్దంటున్నానంటే, క్రేటన్ బ్యాటరీలతో కలిపి ఐదు కేజీల పైచిలుకు ఉంటాది, కంపెనీ లెక్క ప్రకారం గంటకి 95 కిలోమీటర్ల పైన పోతాది. ఐదు కేజీల వస్తువు 90 కిలోమీటర్ల స్పీడులో వచ్చి తగిలితే దెబ్బ ఎంతుంటాదంటే, ఐదు కేజీల బియ్యం సంచి పదంతస్తుల మేడ మీంచి పడినంత. మన గ్రౌండులో పిల్లలు అటూ ఇటూ పరిగెడతా ఉంటారు, ఆవులు నడుస్తా ఉంటాయి, వాకింగుకొచ్చే పెద్దవాళ్ళుంటారు. కంచె వేసి మూసిన జాగా లేకుండా 6ఎస్ బండి తిప్పడం నాకు భయం. ఖర్చు సంగతి సరేసరి, బ్యాటరీలు డబల్, టైర్లు డబల్, ఇరిగిన పార్టు డబల్. సొంత జీడితోటో సరుగుడు తోటో ఉండి, చుట్టూ ఎవరూ తిరగని చోటుంటే మాత్రం క్రేటన్ తీసుకోండి, నా ఓటు దానికే.

రేసే ముఖ్యం, బ్యాషింగ్ తర్వాత అనేవాళ్ళకి టెక్నో ఎంటీ410 అని ఒకటుంది. ఇది కిట్టు, అంటే పార్టులు కవర్లలో వస్తాయి, మొత్తం మనమే బిగించుకోవాలి, మోటారు, స్పీడు కంట్రోలరు, సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు), రేడియో, టైర్లు విడిగా కొనాలి. రేసు బండి తయారుచేసే వాళ్ళు చేసిన మాన్‌స్టర్ ట్రక్కు కాబట్టి మలుపుల్లో దాని పద్ధతే వేరు. చేతిలో రెండు మూడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి చెప్తా గానీ మొదటి బండిగా చెప్పను. లోసి ఎల్ఎమ్‌టీ, టామియా క్లాడ్ బస్టర్ లాంటివి అసలు మాన్‌స్టర్ ట్రక్కుల్లాగే ఒకే ఇరుసు మీద రెండు చక్రాలూ ఉండే సాలిడ్ యాక్సిల్ బండ్లు. క్లాడ్ బస్టర్ 1987లో వచ్చింది, ముందొక మోటారు వెనకొక మోటారు, నాలుగు చక్రాలూ తిరుగుతాయి, అమెరికాలో ఆ రకం రేసుల్లో దాన్ని మార్చి మార్చి ఇప్పటికీ నడుపుతున్నారు. చూడ్డానికి అచ్చం నిజం బండి నడిచినట్టే ఉంటాయి, కానీ స్పీడు రేసుకి కాదు. నైట్రో ఇంజను బండ్లు, హెచ్‌పీఐ సావేజ్, టీ-మ్యాక్స్ లాంటివి, ఆ పొగ, ఆ సౌండు మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఉంటారు, నాకూ ఇష్టమే. నైట్రోమీథేన్ కలిపిన ఇంధనం మన ఊళ్ళో దొరకదు, ప్రతిసారీ తెప్పించుకోవాలి, పొద్దున్న చలికి ఒక ట్యూనింగు పదకొండింటి ఎండకి ఇంకో ట్యూనింగు కావాలి. ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టేద్దాం.

సరే, గ్రానైటా స్టాంపీడా.

రెండూ 10వ స్కేలే, రెండూ షాఫ్టు మీద నడిచే ఫోర్ వీల్ డ్రైవే, రెండిటికీ ప్లాస్టిక్ చాసిసే, రెండిటికీ స్లిప్పర్ క్లచ్ ఉంటాది, అంటే చక్రం ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు గేర్లు ఇరగకుండా క్లచ్ జారుతాది. గ్రానైట్ మోటారు 3200 కేవీ, స్టాంపీడ్‌ది 3500 కేవీ. కేవీ అంటే ఒక వోల్టుకి ఎన్ని చుట్లు తిరుగుతాదో ఆ లెక్క, 3ఎస్ బ్యాటరీ 11.1 వోల్టులు కాబట్టి గ్రానైట్ మోటారు లోడు లేకుండా నిమిషానికి సుమారు 35,500 చుట్లు తిరుగుతాది, 2ఎస్ మీద అయితే 23,700 దగ్గర. కంపెనీలు గ్రానైటుకి 80 కిలోమీటర్ల పైన అంటారు, స్టాంపీడుకి 95 పైన అంటారు. ఆ నంబర్లు చూసి స్టాంపీడ్ స్పీడు కదా అని కొనెయ్యకండి, అవి 3ఎస్ బ్యాటరీ పెట్టి, స్పీడు పినియన్ గేరు (మోటారుకి బిగించే చిన్న గేరు, స్పీడుకి పళ్ళు ఎక్కువున్నది) వేసి, నున్నటి రోడ్డు మీద తీసిన లెక్కలు. నాగావళి ఇసకలో రెండూ పక్కపక్కనే పోతాయి. స్పీడు పినియన్ వేసి ఇసకలో తిప్పితే మోటారు పెనంలా కాలిపోతాది తప్ప లాభం లేదు.

నా చేతికి తేడా తెలిసింది మలుపులో. స్టాంపీడ్ ఎత్తుగా నిలబడ్డట్టుంటాది, మలుపు తిరిగేటప్పుడు పడవ ఊగినట్టు ఊగుతాది, పల్టీ ఎక్కువ. గ్రానైట్ కొంచెం కుదురు. మడిలో కొయ్యకాళ్ళ మీద మాత్రం ఆ ఎత్తే స్టాంపీడుకి కలిసొస్తాది, గ్రానైట్ పొట్ట కింద గడ్డి చుట్టుకున్నచోట స్టాంపీడ్ దాటుకుని వెళ్ళిపోయింది, ఇది నేను కళ్ళారా చూసిందే. పదీ పన్నెండేళ్ళ పిల్లలు కూడా నడుపుతారు అంటే స్టాంపీడులో ట్రైనింగ్ మోడ్ ఉంది, పవర్ సగానికి తగ్గించేస్తాది, ఇది చాలా పనికొచ్చే విషయం, మా అక్క కొడుక్కి నేను అలాగే నేర్పా. పార్టుల విషయంలో గ్రానైటుకి అన్నదమ్ములెక్కువ, ఆర్మా 3ఎస్ వరసలో బిగ్ రాక్, టైఫాన్, సెంటన్ అన్నిట్లోనూ చాలా పార్టులు ఒకటే. స్టాంపీడుకీ అంతే, స్లాష్ ఫోర్ బై ఫోర్, రస్ట్లర్ ఫోర్ బై ఫోర్‌తో చాలావరకు కలుస్తాయి. ఇంకో సంగతి, ట్రాక్సాస్ బ్యాటరీ కనెక్టర్ వాళ్ళ సొంతం, వేరే కంపెనీ బ్యాటరీ పెట్టాలంటే అడాప్టర్ కొనాలి లేదా కనెక్టర్ కోసి సోల్డరింగ్ చేసుకోవాలి. ఆర్మాది ఐసీ5, అది మామూలు ఈసీ5 కనెక్టరులో సరిపోతాది.

నా మాట ఇది. రేసు పక్కకి కొంచెం ఎక్కువ మొగ్గుంటే గ్రానైట్. మడులు, తుప్పలు, పిల్లలు ఎక్కువుంటే స్టాంపీడ్. ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి కొంటున్నారంటే మాత్రం ఇద్దరూ ఒకటే మోడల్ కొనండి, ఈ ఒక్క సలహా వినండి చాలు. ఒకడిది ఇరిగితే ఇంకోడి స్పేర్ పనికొస్తాది, రేసులో తేడా బండిది కాదు చేతిది అవుతాది. మా గ్యాంగులో నలుగురం నాలుగు మోడళ్ళు కొని మొదటి ఏడాదంతా ఎవడి పార్టు వాడు వెతుక్కోడమే అయ్యింది.

బ్యాటరీ దగ్గర కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే బండి ఇరిగితే డబ్బులు పోతాయి, బ్యాటరీ తేడా చేస్తే ఇల్లు కాలుతాది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ మామూలుగా 3.7 వోల్టులు, ఫుల్ ఛార్జ్ 4.2, దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, 3.2 కన్నా కిందకి దిగనివ్వకూడదు. 2ఎస్ అంటే రెండు సెల్స్, 3ఎస్ అంటే మూడు. స్పీడు కంట్రోలర్లో లైపో కటాఫ్ (ఛార్జ్ బాగా తగ్గితే పవర్ ఆపేసేది) ఆన్ చేసి ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి, బండి నెమ్మదించగానే ఆపెయ్యండి, ఇంకో రౌండు అనొద్దు. ఛార్జరు బ్యాలెన్స్ ఛార్జ్ చేసేదే (సెల్స్ అన్నిటినీ సమానంగా నింపేదే) కొనాలి, 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 యాంపుల దగ్గర పెట్టాలి, రాత్రి ఛార్జింగు పెట్టి పడుకోవద్దు, పరుపు మీద పెట్టొద్దు, గచ్చు మీద మట్టికుండ పెంకులోనో ఇసక పోసిన బకెట్ పక్కనో పెట్టండి. ఒకసారి నా 3ఎస్ ప్యాకు నిండా ఛార్జ్ చేసి, ఊరెళ్ళి, మూడు వారాల తర్వాత వచ్చి చూస్తే దిండులా ఉబ్బి ఉంది, పైనున్న ప్లాస్టిక్ కవరు కుట్టు దగ్గర చీలిపోయింది. దాన్ని పొరపాటున కూడా గుచ్చొద్దు, ఒత్తొద్దు, మళ్ళీ ఛార్జింగు పెట్టొద్దు, ఇంటి బయట ఆరుబయట పెట్టెయ్యండి. మన మే నెల ఎండలో కారు డిక్కీలో బ్యాటరీలు వదిలెయ్యడం కూడా అలాంటి పనే.

గల్ఫ్ నించో అమెరికా నించో చుట్టాలొస్తుంటే వాళ్ళతో తెప్పించుకుందాం అనుకుంటారు, మన జిల్లాలో ఇంటికొకరు బయట ఉంటారు కాబట్టి అది మంచి దారే. బ్యాటరీకి మాత్రం లెక్కుంది. విమానంలో విడి లిథియం బ్యాటరీ చేతి సంచీలోనే తేవాలి, లగేజీలో వెయ్యకూడదు, ఒక్కోటీ 100 వాట్ అవర్ల లోపుండాలి. 3ఎస్ 5000 ప్యాకు 55.5 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 6ఎస్ 5000 అయితే 111, విమానం వాళ్ళ అనుమతి కావాలి. బండి ధర మన దగ్గర ఎందుకంత ఎక్కువ అంటే బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నించి 60కి పెంచారు, 2023లో 70 చేశారు, ఇంకా ట్యాక్సులు వేరే. బయటి సైటులో ధర చూసి సంబరపడిపోయి ఆర్డర్ పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి. బండితో పాటే ఒకే పార్సిల్లో ముందు ఆర్ములు రెండు, వెనక ఆర్ములు రెండు, ఒక స్పర్ గేరు (పినియన్ తిప్పే పెద్ద గేరు), రెండు పినియన్లు, కొన్ని రాడ్ ఎండ్లు (రాడ్ల చివర ఉండే కీళ్ళు), బాడీ క్లిప్పులు ఓ పది తెప్పించేసుకోండి. ఆదివారం తొమ్మిదింటికి ఆర్మ్ ఇరిగితే మన ఊళ్ళో ఏ షాపులోనూ దొరకదు.

కళింగపట్నం సంగతి చెప్తానన్నాను కదా. అక్కడ తడి ఇసక మీద బండి నడుపుతుంటే మనసు ఆగదు, నాకు తెలుసు, అల అంచున నీళ్ళు చిమ్మిస్తా లైట్‌హౌస్ వైపు దూసుకుపోతుంటే ఆ ఆనందం వేరు. వాటర్‌ప్రూఫ్ అని బాక్సు మీద రాస్తారు, అది కంట్రోలరుకీ సర్వోకీ రిసీవరుకీ, బేరింగులకి కాదు. ఉప్పునీళ్ళు తగిలిన బేరింగు మూడో రోజుకి తుప్పు పట్టి కిర్రుమంటాది. పైగా మన తీరం ఇసకలో నల్ల ఖనిజం ఉంది, ఇల్మనైట్, మాగ్నెటైట్ లాంటివి, అయస్కాంతానికి పట్టుకునే ఇసక. బ్రష్‌లెస్ మోటారు లోపల తిరిగేదే అయస్కాంతం. బీచి నించి వచ్చి మోటారు విప్పి చూస్తే రోటరుకి నల్లటి పొడి నూగులా అంటుకుని ఉంది, గుడ్డతో తుడిస్తే అటునించి ఇటు జరుగుతాది తప్ప వదల్దు, చివరికి సెలోటేపు అతికించి లాగి లాగి తీశా, గంట పట్టింది. అప్పట్నించి బీచికి వెళ్తే మోటారు సందులకి పాత స్టాకింగు గుడ్డ కట్టి తీసుకెళ్తున్నా, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, బేరింగులకి ఒక్కో చుక్క నూనె వేస్తున్నా. ఇంత ఓపిక లేకపోతే బీచి వద్దు, నాగావళి ఇసకే మేలు, కనీసం ఉప్పుండదు.

కొత్త బండి వచ్చిన రోజు ఆత్రం ఆపుకోండి. ముందు మెటల్‌లోకి వెళ్ళే స్క్రూలన్నీ ఒక్కోటి తీసి నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క పెట్టి బిగించండి. పినియన్ గేరుకీ స్పర్ గేరుకీ మధ్య నోటుబుక్కు కాయితం సన్నగా చింపి పెట్టండి, మోటారుని నొక్కి పట్టి స్క్రూలు బిగించండి, కాయితం తిప్పి బయటికి తీసెయ్యండి. ఆ కాయితం మీద పళ్ళ గుర్తులు వరసగా పడి ఉండాలి, చిరక్కూడదు. చిరిగిందంటే గేర్లు మరీ దగ్గరున్నాయని, గుర్తులు సరిగ్గా పడలేదంటే దూరంగా ఉన్నాయని. ఈ ఐదు నిమిషాల పని చెయ్యక మొదటి రోజే స్పర్ గేరు పళ్ళు పొడి చేసుకున్నవాళ్ళు ఎందరో. ఆ తర్వాత రిమోట్ ముందు ఆన్ చేసి బండి తర్వాత ఆన్ చెయ్యాలి, ఆపేటప్పుడు బండి ముందు. చక్రాలు పైకి లేపి పట్టుకుని సగం థ్రాటిల్లో రిమోట్ ఆఫ్ చేసి చూడండి, బండి ఆగిపోవాలి. ఆగకపోతే ఆ బండి గ్రౌండులోకి తేవద్దు.

రేసు రోజుకి బండిని ఎలా దించాలో చెప్తా, ఇదే ఆ పావుగంట పని. షాకుల మీద స్ప్రింగు కిందున్న ప్లాస్టిక్ క్లిప్పులు తీసేస్తే బండి కిందకి కూర్చుంటాది. షాకు పై కొన టవరు (షాకులు బిగించే నిలువు పలక) మీద లోపలి రంధ్రంలోకి మారిస్తే మలుపు మెత్తగా తిరుగుతాది. టైరు పక్క గోడలకి సూపర్ గ్లూ సన్నగా పూసి ఆరనిస్తే పక్క పట్టు తగ్గి పల్టీ తగ్గుతాది, ఇది రేసు వాళ్ళు ఎప్పట్నించో చేసే పని. మన ఎండకి షాకు నూనె పల్చబడిపోతాది, ఏప్రిల్ నించి ఒక గ్రేడు చిక్కటి నూనె వెయ్యండి. బ్యాటరీ 2ఎస్ పెట్టండి. అవును, రేసుకి 2ఎస్ అంటున్నా.

మా దగ్గర ఆదివారం ఆరింటికి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ఆపేస్తాం, విజయనగరం నించి కూడా ఇద్దరు ముగ్గురు వస్తారు. పాత స్కూటర్ టైర్లు వేసి ట్రాక్ గీస్తాం, ఐదు నిమిషాల రేసు, ఎవరెక్కువ రౌండ్లు తిరిగితే వాళ్ళు. మొదట్లో బ్యాటరీకి రూలు లేదు, అందరూ 3ఎస్ తెచ్చారు, తిన్నగా ఉన్నచోట అదిరిపోయేది, మలుపు రాగానే పల్టీ, పరిగెత్తుకెళ్ళి తిప్పి పెట్టి రావడం, మళ్ళీ పల్టీ. డబ్బుల్లేక 2ఎస్ మీద వచ్చిన ఒక డిప్లొమా కుర్రోడు ఒక్కసారి కూడా పడకుండా అందరి మీదా రెండు రౌండ్లు ఎక్కువ తిరిగి ఎల్లిపోనాడు. ఆ రోజు నించి మా దగ్గర 10వ స్కేలుకి 2ఎస్ రూలు, గట్టి డబ్బా ఉన్న ప్యాకే తేవాలి. 3ఎస్ బ్యాటరీ అనేది రేసు అయిపోయాక, తొమ్మిది నించి ఇసక మేట మీద ఎగరెయ్యడానికి. ఒకటే బండి, రెండు బ్యాటరీలు.

ఇసకలో తిప్పేటప్పుడు ప్రతి ఐదారు నిమిషాలకి ఆపి మోటారు మీద వేలు పెట్టి చూడండి, మూడు సెకన్లు వేలు ఉంచలేకపోతే ఆపేసి చల్లారనివ్వండి, పదేపదే అలాగే అవుతుంటే ఒకటి రెండు పళ్ళు తక్కువున్న పినియన్ వెయ్యండి. ఏప్రిల్, మే నెల్లలో పది దాటాక నేను అసలు తిప్పను. మొదటి నెల మాత్రం రేసైనా బ్యాషింగైనా మొత్తం 2ఎస్ మీదే నడపండి, చెయ్యి కుదిరాక 3ఎస్ కొనండి, అప్పటిదాకా ఆ బ్యాటరీ డబ్బులతో ముందు ఆర్ములు ఇంకో జత తెప్పించి పెట్టుకోండి, మొదటి నెలలో ఇరిగేవి అవే.